జనవరిలో చైనాకు మిర్చి కంటైనర్లు: ఎల్‌సీ తేదీలు, అక్కడి సెలవులు, టైమ్ తేడాలు ఎలా లెక్కేసుకోవాలి?

కొరిటెపాడు_ట్రేడర్:

అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి తేజ కాయ, రెండు నలభై అడుగుల కంటైనర్లు, చెన్నై పోర్టు మీదుగా చైనాలోని చింగ్‌దావ్‌కు వెళ్లాలి. కొనే పార్టీ ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు ఇస్తామని వాళ్ల బ్యాంకు ఇచ్చే హామీ) డ్రాఫ్టు పంపింది. ఆఖరి షిప్‌మెంట్ తేదీ 10 జనవరి 2027, ఎల్‌సీ గడువు 31 జనవరి 2027, గడువు ముగిసే చోటు చైనా అని ఉంది. బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, సరుకు ఓడెక్కిందని షిప్పింగ్ లైన్ ఇచ్చే పత్రం) తేదీ నుంచి 21 రోజుల్లో బ్యాంకులో కాగితాలు పెట్టాలి. ఈ రెండు తేదీలూ ఆదివారాలే. సెలవు కాబట్టి మరుసటి రోజుకు జరుగుతాయని ఒకరు, జరగవని మరొకరు అంటున్నారు. ఏది నిజం? పైగా ఫిబ్రవరి 6న వాళ్ల కొత్త సంవత్సరం. ఈ ఎల్‌సీ ఇలాగే ఒప్పుకోవచ్చా?

ఇంకో విషయం. బంగ్లాదేశ్, దుబాయ్ పార్టీలతోనూ, కారం పొడి కోసం న్యూజెర్సీ పార్టీతోనూ మాటలు నడుస్తున్నాయి. ఎవరికి ఏ రోజు సెలవో, ఏ టైముకు ఫోన్ చేయాలో ఒక పద్ధతిలో పెట్టుకోవాలి. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

డాక్యుమెంట్స్_డెస్క్:

ముందు ఆదివారాల సంగతి. మీకు చెప్పినవాళ్లిద్దరూ సగం సగం కరెక్టు. ఎల్‌సీలు దాదాపు అన్నీ నడిచేది యూసీపీ 600 (ఎల్‌సీల కోసం అంతర్జాతీయ వాణిజ్య మండలి రాసిన) నియమాల మీద. అందులో 29వ ఆర్టికల్ ప్రకారం, కాగితాలు తీసుకోవాల్సిన బ్యాంకు ఆ రోజు మామూలు సెలవు వల్ల మూసి ఉంటే, ఎల్‌సీ గడువు గానీ కాగితాలు పెట్టే చివరి రోజు గానీ తర్వాతి పనిదినానికి జరుగుతుంది. షిప్‌మెంట్ తేదీ మాత్రం జరగదు. అదే ఆర్టికల్లో ఆ ముక్క విడిగా రాసి ఉంది. ఓడలు ఆదివారం కూడా లోడవుతాయి కదా. బీఎల్ మీద ఆన్‌బోర్డ్ తేదీ జనవరి 11 అని పడిందంటే డిస్క్రిపెన్సీయే, అంటే బ్యాంకు డబ్బు ఆపడానికి వీలిచ్చే తేడా.

మీ లెక్కే చూడండి. సరిగ్గా జనవరి 10న లోడైతే 21 రోజులు జనవరి 31తో నిండుతాయి. గడువు చోటు ఇండియా అయితే ఆదివారం ఇక్కడ బ్యాంకు ఉండదు కాబట్టి ఫిబ్రవరి 1, సోమవారం పెట్టినా చెల్లుతుంది. అయితే కాగితాలు ముందుకు పంపేటప్పుడు, 29వ ఆర్టికల్ కింద పొడిగించిన గడువులోపలే వచ్చాయని మీ బ్యాంకు కవరింగ్ షెడ్యూల్ (కాగితాలకు జత చేసే లేఖ) మీద రాయాలి. ఆ వాక్యం ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి.

ఇప్పుడు అసలు ప్రమాదం. మీ డ్రాఫ్టులో గడువు చోటు చైనా అని ఉంది. అంటే జనవరి 31 నాటికి కాగితాలు గుంటూరు బ్యాంకులో ఉంటే చాలదు, చైనా బ్యాంకు చేతికి చేరాలి. కొరియర్‌కు మూడు నుంచి అయిదు రోజులు తీసేయండి. బీఎల్ చేతికొచ్చేసరికే ఓడ కదిలి రెండు మూడు రోజులవుతుంది. ఆపైన ఫైటో సర్టిఫికెట్ (సరుకులో తెగుళ్లు లేవని), ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్ (పురుగులకు పొగ పెట్టారని), సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (ఏ దేశపు సరుకో), మధ్యలో సంక్రాంతి. మీకున్న 21 రోజులు నిజానికి పది పన్నెండే.

ఆ ఆదివారం చైనాలో సెలవేనన్న నమ్మకం కూడా పెట్టుకోకండి. పెద్ద సెలవును పొడవుగా ఇవ్వడానికి వాళ్లు దానికి ముందూ వెనకా ఉన్న కొన్ని శని, ఆదివారాలను పనిదినాలుగా ప్రకటిస్తారు. 2025లో కొత్త సంవత్సరం సెలవు జనవరి 28 నుంచి ఫిబ్రవరి 4 దాకా ఇచ్చి, జనవరి 26 ఆదివారాన్నీ, ఫిబ్రవరి 8 శనివారాన్నీ పనిదినాలు చేశారు. ఆ పట్టికను ముందు ఏడాది చివర్లో వాళ్ల ప్రభుత్వం విడుదల చేస్తుంది. జనవరి 31ని అందులో పనిదినం చేశారనుకోండి, అక్కడి బ్యాంకు తెరిచే ఉంటుంది కాబట్టి మీకు ఒక్కరోజు కూడా పొడిగింపు రాదు.

అందుకే డ్రాఫ్టు దశలోనే ఇవి మార్పించండి. ఎల్‌సీలో నంబర్లు వేసిన గడుల్లో, 31డీ ఫీల్డులో గడువు చోటు ఇండియా. 41 ఫీల్డులో ఇండియాలోని ఏ బ్యాంకులోనైనా నెగోషియేషన్ (కాగితాలు ఇచ్చి డబ్బు తీసుకునే వీలు). 44సీలో ఆఖరి షిప్‌మెంట్ తేదీ ఎప్పుడూ పనిదినమే ఉండాలి, ఓడ అసలు తేదీకి కనీసం పది రోజులు తర్వాత ఉండాలి. 48 ఫీల్డులో 21 రోజులు అలాగే ఉండనివ్వండి. ఎల్‌సీ గడువు మాత్రం ఆఖరి షిప్‌మెంట్ తేదీకి 21 రోజుల కంటే దగ్గరగా ఉండకూడదు. ఉంటే ఆ 21 కాగితం మీదే మిగులుతుంది.

బ్యాంకులు ఎల్‌సీ పంపుకునే స్విఫ్ట్ మెసేజీలో తేదీలు ఏడాది, నెల, రోజు వరుసలో ఉంటాయి. 270110 అంటే 2027 జనవరి 10. చదివిన వెంటనే మామూలు తేదీగా, పక్కన వారం పేరుతో, ఫైలు మీద రాసుకోండి.

డబ్బు ఎప్పుడొస్తుందన్నది ఇంకో లెక్క. కాగితాలు అందిన మరునాటి నుంచి ఇష్యూయింగ్ బ్యాంకుకు (ఎల్‌సీ ఇచ్చిన బ్యాంకు) వాటిని పరిశీలించడానికి అయిదు బ్యాంకింగ్ రోజులు ఉంటాయి. క్యాలెండర్ రోజులు కావు. ఫిబ్రవరి 3 బుధవారం అందితే, 4న ఒక రోజు లెక్కకొస్తుంది. వెంటనే సెలవులు. మిగతా నాలుగు రోజులూ బ్యాంకు తెరిచాకే. అంటే ఫిబ్రవరి రెండో సగంలో గానీ సొమ్ము కదలదు. ఈలోపు ప్యాకింగ్ క్రెడిట్ (ఎగుమతి సరుకు కోసం బ్యాంకు ముందుగా ఇచ్చే అప్పు) మీద వడ్డీకి సెలవులుండవు. 50 లక్షల మీద 9 శాతం చొప్పున 12 రోజులకు దాదాపు 14,800 రూపాయలు. రేటు చెప్పేటప్పుడే ఇది కలుపుకోవాలి.

చుట్టుగుంట_సీహెచ్ఏ:

పైన చెప్పినవన్నీ కరెక్టే. అయితే ఎల్‌సీని ఎంత చక్కగా దిద్దుకున్నా సరుకు పోయే టైమే బాగోలేదు. నేనైతే ముందు దాన్ని మార్చమంటాను.

చెన్నై నుంచి ఉత్తర చైనా పోర్టులకు రెండు వారాల నుంచి మూడున్నర వారాలు. సింగపూర్ లోనో పోర్ట్ క్లాంగ్ లోనో ఓడ మారితే పై అంచనాయే వేసుకోండి. జనవరి 10న కదిలితే ఫిబ్రవరి మొదటి వారానికి చింగ్‌దావ్ చేరుతుంది. సరిగ్గా కస్టమ్స్ శాంపిల్ తీసే మనుషులు, లారీ డ్రైవర్లు, గోడౌన్ కూలీలు సొంతూళ్లకు బయల్దేరే రోజులు. ప్రభుత్వ సెలవు ఓ వారం పైచిలుకే అయినా కూలీలు పూర్తిగా తిరిగొచ్చేది లాంతర్ల పండగ దాటాకే, 2027లో అది ఫిబ్రవరి 20. అన్నాళ్లూ కంటైనర్ యార్డులో ఉంటుంది. ఫ్రీ డేస్ (అద్దె లేకుండా ఉంచనిచ్చే రోజులు) అయిపోయాక డెమరేజ్ (ఆలస్యపు అద్దె) క్యాలెండర్ రోజుల లెక్కన పడుతుంది, సెలవులని తగ్గించరు. లోపల కాయలో తేమ ఎక్కువుంటే, గుంటూరు ఎండలో కట్టిన టిక్కీ (మిర్చి బస్తా) అక్కడి చలికి చెమర్చి, కంటైనర్ పైకప్పు నుంచి నీటిచుక్కలు పై వరసల మీద పడతాయి. బూజు, రంగు దిగడం అక్కడే మొదలు. తేమ పీల్చే డెసికెంట్ సంచులు కట్టడం, లోపల క్రాఫ్ట్ పేపర్ పరచడం తప్పనిసరి. కాయ తేమ కొలిచిన రీడింగ్ లోడింగ్ ఫొటోతో పాటు ఉంచుకోండి.

కాబట్టి రెండే దారులు. మొదటిది, కోల్డ్ స్టోరేజీలోని ఏసీ సరుకుతో డిసెంబర్ 22లోపు బీఎల్ పడేలా పంపడం. అప్పుడు జనవరి 15 అటూఇటూగా చేరి, వాళ్లు కొట్లు కట్టేసే ముందే క్లియర్ అవుతుంది. రెండోది, ఫిబ్రవరి మొదటి వారం తర్వాత ఓడెక్కించడం. అప్పటికి గుంటూరు మిర్చి యార్డుకు కొత్త కాయ రావడం మొదలవుతుంది, పార్టీకి కూడా కొత్త రంగు కావాలి. ఇందులో తిరకాసు ఒకటుంది. చైనా సెలవుల ముందు సరుకు ఎగబడి కదలడం, సెలవుల్లో షిప్పింగ్ లైన్లు కొన్ని ట్రిప్పులు రద్దు చేయడం ఏటా జరిగేదే. దాంతో చెన్నైకి ఖాళీ కంటైనర్లు ఆలస్యమవుతాయి, మీ బుకింగ్ పక్క ఓడకు జరుగుతుంది. 44సీలో పది రోజులు వదలమన్నది అందుకే.

జనవరి 10 నుంచి 20 దాకా మన వైపు కూడా పని నడవదు. సంక్రాంతికి గుంటూరులో తొడిమలు తీసే ఆడకూలీలు రారు, లారీలు దొరకవు. అదే వారంలో చెన్నైలో పొంగల్. యార్డుకు ఎలాగూ శని, ఆదివారాలు సెలవు. మీ పార్టీ చేతిలో మన సెలవుల పట్టిక ఉండదు, మీరే పంపాలి. మే నెలలో యార్డుకు ఇచ్చే వేసవి సెలవులు కూడా అందులో పెట్టండి, ఆ రోజుల్లో కోల్డ్ స్టోరేజీ సరుకే గతి.

వియత్నాం పార్టీలు ఎవరైనా తగిలితే, వాళ్ల తెట్ పండగా చైనా కొత్త సంవత్సరమూ ఎప్పుడూ ఒకే రోజని రాసుకోకండి. రెండూ అమావాస్యను బట్టే, కానీ హనోయ్ టైము బీజింగ్ కంటే గంట వెనక. అమావాస్య ఘడియ అర్ధరాత్రికి అటూఇటూ పడితే తేదీ మారుతుంది. 2007లో తెట్ ఫిబ్రవరి 17, చైనా కొత్త సంవత్సరం 18. 2030లో కూడా తెట్ ఫిబ్రవరి 2, చైనాది 3. 2027లో మాత్రం రెండూ 6వ తేదీనే.

ఏప్రిల్ కూడా గుర్తు పెట్టుకోవాలి. థాయ్‌లాండ్‌లో 13 నుంచి 15 దాకా సోంగ్‌క్రాన్, శ్రీలంకలో 13, 14న వాళ్ల ఉగాది. మన సీజన్ నడుమ రెండు మంచి మార్కెట్లు ఒకే వారం మూతపడతాయి. శ్రీలంకకు మనకూ టైము తేడా సున్నా, కానీ ప్రతి పౌర్ణమికీ అక్కడ బ్యాంకు సెలవు. థాయ్ కాగితాల్లో ఏడాది 2570 అని కనిపిస్తే అది బౌద్ధ శకం, 543 తీసేస్తే 2027.

బెంజ్‌సర్కిల్_ఫారెక్స్:

బంగ్లాదేశ్, దుబాయ్ సంగతి నేను చెబుతాను.

బంగ్లాదేశ్ టైము మనకంటే అరగంటే ముందు, అందుకని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ఇబ్బంది వారంతో. అక్కడ శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం పని. మనకు ఆదివారం, రెండో, నాలుగో శనివారాలు బ్యాంకు సెలవు. రెండు వైపులా బ్యాంకులు తెరిచి ఉండేది సోమవారం నుంచి గురువారం దాకా నాలుగు రోజులే. గురువారం సాయంత్రం మీరు ఒక ఎల్‌సీ సవరణ అడిగితే ఢాకా బ్యాంకు దాన్ని ఆదివారం చూస్తుంది, మీ బ్యాంకు జవాబును సోమవారం చూస్తుంది. ఏ సవరణైనా మంగళవారం లోపు అడగండి.

దుబాయ్ పాత లెక్క మర్చిపోండి. యూఏఈ ప్రభుత్వ ఆఫీసులకు 2022 జనవరి నుంచి శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం మధ్యాహ్నం 12 దాకే పని. షార్జాలో మాత్రం శుక్ర, శని, ఆది మూడూ సెలవే. సౌదీలో 2013 నుంచి శుక్ర, శనివారాలు. 'గల్ఫ్' అని ఒకే వరుస పెట్టుకుంటే తప్పుతారు, ఒక్కో చోటుకు ఒక్కో వరుస ఉండాలి.

హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) ఏడాదికి 354 లేదా 355 రోజులు. అందుకే రంజాన్ మన క్యాలెండర్‌లో ఏటా 11 రోజుల దాకా ముందుకొస్తుంది. 2027లో అది ఫిబ్రవరి 8 ప్రాంతంలో మొదలవుతుంది. యూఏఈ ప్రైవేటు సంస్థల్లో ఆ నెలంతా రోజూ పనిగంటలు రెండు తగ్గుతాయి. ఈద్ తేదీ నెలవంకను బట్టి ముందు రాత్రే తేలుతుంది కాబట్టి ఒప్పందంలో 'ఈద్ తర్వాత మూడో రోజు' లాంటి మాటలు వద్దు, తేదీయే రాయాలి. ఒక ఉదాహరణ. దుబాయ్ పార్టీకి 'బీఎల్ తేదీ నుంచి 60 రోజులు' అని క్రెడిట్ ఇచ్చారు, బీఎల్ జనవరి 10. చెల్లింపు తేదీ లెక్కలో 'నుంచి' అన్నప్పుడు ఆ రోజును వదిలేస్తారు, కనుక మార్చి 11 అవుతుంది. 2027లో ఈద్ మార్చి 10 అటూఇటూ. సరిగ్గా ఆ సెలవుల్లో పడింది. 50 రోజులో 72 రోజులో అడిగితే ఈ తలనొప్పి ఉండదు. షిప్‌మెంట్ కాలం చెప్పేటప్పుడు మాత్రం 'నుంచి', 'వరకు' అంటే ఆ తేదీలు కూడా కలుస్తాయి. ఒకే మాటకు యూసీపీలోనే రెండు లెక్కలున్నాయి.

డాలర్ చెల్లింపుకు మూడో క్యాలెండర్ కూడా ఉంది. పార్టీ చైనాలో, మీరు గుంటూరులో ఉన్నా డాలర్ సెటిల్ అయ్యేది న్యూయార్క్‌లో. జూన్ 19, నవంబర్ నాలుగో గురువారం లాంటి అమెరికా సెలవుల్లో అది కదలదు. మన వైపు ఏప్రిల్ 1న బ్యాంకులు ఖాతాల ముగింపు పనిలో ఉంటాయి. మార్చి 31కి డబ్బు పడాలనుకుంటే పార్టీకి మార్చి 24 గడువు ఇవ్వండి.

కొరిటెపాడు_ట్రేడర్:

చాలా థాంక్స్ అండీ. పార్టీకి ఫిబ్రవరి షిప్‌మెంట్ ప్రతిపాదిస్తాను, గడువు చోటు ఇండియాకు మార్చమంటాను. మరి అమెరికా పార్టీతో ఫోన్ టైములు? వాళ్లు మెయిల్లో 'ఈఎస్‌టీ' అంటారు, చైనా వాళ్లు 'సీఎస్‌టీ' అంటారు. యూరప్ బ్రోకర్ ఒకాయన 'వీక్ 9 షిప్‌మెంట్' అంటున్నాడు.

ఆటోనగర్_షెడ్యూల్:

తమ్ముడూ, ముందు ఆ పొట్టి పేర్లు ఆపేయ్. సీఎస్‌టీ అంటే చైనా టైమూ అవుతుంది, చికాగో టైమూ అవుతుంది. చలికాలంలో ఆ రెండింటికీ 14 గంటల తేడా. ఐఎస్‌టీ అని ఇజ్రాయెల్, ఐర్లాండ్ వాళ్లు కూడా వాడుకుంటారు. ఊరి పేరు పెట్టి రాయి: '4 ఫిబ్రవరి 2027, గురువారం, షాంఘై టైము 14:00, గుంటూరు టైము 11:30'. చైనా అంతటికీ ఒకే టైము, మనకంటే రెండున్నర గంటలు ముందు, ఏడాది పొడవునా అంతే. నువ్వు పదింటికి కొట్టు తెరిచేసరికి వాళ్లకు మధ్యాహ్నం పన్నెండున్నర, భోజనాల టైము. జవాబు అదే రోజు కావాలంటే మన టైము మధ్యాహ్నం రెండులోపు అడగాలి.

న్యూయార్క్, న్యూజెర్సీ మనకు చలికాలంలో పదిన్నర గంటలు, ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు వెనక. లండన్ అయిదున్నర, నాలుగున్నర. గడియారాలు మార్చే రోజు అమెరికాకూ యూరప్‌కూ ఒకటి కాదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం. యూరప్‌లో మార్చి, అక్టోబర్ చివరి ఆదివారాలు. 2027లో మార్చి 14న అమెరికా మారుతుంది, 28న యూరప్. ముగ్గురూ కలిసే కాల్ ఉంటే ఆ రెండు వారాలూ ఒకరికి గంట తేడా వస్తుంది. క్యాలెండర్‌లో వారం వారం వచ్చే మీటింగ్, దాన్ని పెట్టినవాళ్ల టైమ్‌జోన్‌కు కట్టుబడి ఉంటుంది. గుంటూరు టైముతో నువ్వు పెడితే మార్చి 14 తర్వాత వాళ్లకు గంట జరుగుతుంది, వాళ్లు పెడితే నీకు జరుగుతుంది. కొనేవాళ్లతో పెట్టించడమే మేలు, గంట సర్దుకునేది మనమే అవ్వాలి.

ఎక్సెల్లో గానీ సాఫ్ట్‌వేర్లో గానీ దాచుకునేటప్పుడు, జరిగిపోయినవి యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకే ప్రామాణిక టైము) పెట్టుకో. జరగబోయేవి మాత్రం అక్కడి స్థానిక టైము, ఊరి పేరుతో ఉంచు. దేశాలు నియమాలు మార్చుకుంటాయి. మెక్సికో 2022లో దేశంలో దాదాపు అంతటా గడియారం మార్చడం ఆపేసింది. ముందే యూటీసీలోకి మార్చి దాచినవాళ్ల మీటింగులు గంట తప్పాయి.

అమెరికా సరుకుకు ఇంకో చిక్కు ఉంది. దిగుమతిదారు ఇచ్చే ఐఎస్ఎఫ్ (సరుకు గురించి ముందస్తు వివరాలు) సమాచారం ఓడలో లోడవడానికి 24 గంటల ముందే అక్కడి కస్టమ్స్‌కు అందాలి. సోమవారం ఉదయం 6కి చెన్నైలో లోడింగ్ అనుకో. 24 గంటల ముందంటే ఆదివారం ఉదయం 6, అంటే చలికాలంలో న్యూయార్క్‌లో శనివారం రాత్రి 7:30. ఆ టైముకు వాళ్ల ఆఫీసులో ఎవరూ ఉండరు. కాబట్టి వాళ్ల శుక్రవారమే అసలు గడువు. నీ వివరాలు మన శుక్రవారం మధ్యాహ్నానికి వాళ్ల మెయిల్లో ఉంటే, వాళ్లు పొద్దున్నే తెరిచి రోజంతా పని చేసుకోగలరు. శుక్రవారం రాత్రి పదకొండుకు పంపితే అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. తప్పు దొరికి మళ్లీ నిన్ను అడిగేసరికి నువ్వు నిద్రలో ఉంటావు.

వారం నంబరు: యూరప్ వాళ్లు వాడేది ఐఎస్ఓ 8601 వారం. సోమవారం మొదలు, ఏడాది తొలి గురువారం ఉన్నదే ఒకటో వారం. ఎక్సెల్‌లో మామూలు వీక్‌నమ్ ఫార్ములా జనవరి 1 నుంచే ఒకటి అని మొదలెట్టి, ఆదివారంతో వారం మారుస్తుంది. 2026లో జనవరి 1 గురువారం వచ్చింది కాబట్టి సోమవారం నుంచి శనివారం దాకా రెండూ ఒకటే నంబరు చూపిస్తాయి, తేడా ఎవరికీ కనపడదు. 2027లో జనవరి 1 శుక్రవారం. ఐఎస్ఓ లెక్కలో అది 2026 తాలూకు 53వ వారం. అక్కడి నుంచి ఏడాదంతా సోమవారం నుంచి శనివారం దాకా వీక్‌నమ్ ఒకటి ఎక్కువ చూపిస్తుంది. మీ బ్రోకర్ చెప్పిన 9వ వారం మార్చి 1 నుంచి 7 దాకా. నీ షీటులో 9 అని కనిపించే పనిరోజులు ఫిబ్రవరి 22 నుంచి 27. ఐఎస్ఓ వీక్‌నమ్ ఫార్ములా విడిగా ఉంది, అది వాడు. ఎలాగైనా జవాబులో 'వీక్ 9, అంటే 1 నుంచి 7 మార్చి 2027' అని రాసి, ఆయనతో అవునని మెయిల్లో అనిపించుకున్నాకే ఓడ బుక్ చెయ్యి.

డాక్యుమెంట్స్_డెస్క్:

ఒక చిన్న చేర్పు. ఫిబ్రవరి షిప్‌మెంట్‌కు వెళ్తున్నారు కాబట్టి కాగితాల తేదీల వరుస కూడా చూసుకోండి. సీఐఎఫ్ (ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ అమ్మేవాళ్లే కట్టే పద్ధతి) అయితే ఇన్సూరెన్స్ తేదీ బీఎల్ తేదీని దాటకూడదు. దాటితే, షిప్‌మెంట్ రోజు నుంచే కవర్ అమల్లో ఉందని అందులో రాసి ఉండాలి. ఏ కాగితం మీదా బ్యాంకులో పెట్టిన రోజు తర్వాతి తేదీ ఉండకూడదు. 05/02/2027 అని అంకెలతో రాస్తే అమెరికా వాళ్లు దాన్ని మే 2 అని చదువుతారు. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, టిక్కీ మీద అచ్చు వేసే తేదీ, మూడింటిలోనూ నెలను అక్షరాల్లో వేయించండి. అచ్చుకు ఇచ్చే ముందే చెప్పాలి, వందల సంచుల మీద పడ్డాక దిద్దడం కుదరదు.